ఇంటిల్లిపాదీ వాడే ప్రింటరు: అచ్చు చెడినప్పుడు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మా ఇంట్లో ఇంక్ ట్యాంక్ రకం కలర్ ప్రింటరు ఉంది. నా లాప్‌టాప్, మావారి లాప్‌టాప్, పిల్లల ఫోన్లు అన్నీ వైఫై ద్వారా దానికే కలిపి ఉన్నాయి. నేను ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను కాబట్టి ప్రశ్నపత్రాలు తరచుగా తీయవలసి వస్తుంది. కొంతకాలంగా అక్షరాల మీదుగా సన్నని తెల్ల గీతలు అడ్డంగా వస్తున్నాయి. మావారి లాప్‌టాప్ నుంచి ఇస్తే గీతలతో పాటు అచ్చు వెలిసిపోయినట్లు కూడా ఉంటోంది. రూటరు హాల్లో, ప్రింటరు వెనక గదిలో ఉండడం వల్ల సిగ్నల్ అందక ఇలా జరుగుతోందని మా అబ్బాయి అంటాడు. కాగితం మీద ఇంకు చిమ్మే హెడ్ పోయిందని, దాన్ని మార్చే ఖర్చుకు కొత్త ప్రింటరే వస్తుందని రిపేరు చేసే ఆయన అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మీ ఉత్తరాన్ని జాగ్రత్తగా చదివితే అందులో ఒకటి కాదు, రెండు లోపాలు కనిపిస్తున్నాయి. తెల్ల గీతలు ఏ పరికరం నుంచి ఇచ్చినా వస్తున్నాయి కాబట్టి ఆ లోపం ప్రింటరులో ఉంది. వెలిసిపోవడం మీవారి లాప్‌టాప్ నుంచి ఇచ్చినప్పుడే ఉంది కాబట్టి అది ఆ లాప్‌టాప్‌లోని సెట్టింగులకు సంబంధించినది. ఈ రెండింటినీ ఒకటిగా చూసినంతకాలం ఏ ఒక్క మందూ పనిచేసినట్లు కనిపించదు.

ముందుగా వైఫై సంగతి. కంప్యూటరు నుంచి ప్రింటరుకు వెళ్లే సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళుతుంది. ప్రతి ప్యాకెట్టు చెక్కుచెదరకుండా అందిందా లేదా అని సరిచూసుకుని, అందకపోతే మళ్లీ పంపించుకునే ఏర్పాటు నెట్‌వర్కులోనే ఉంటుంది. అందువల్ల సిగ్నల్ బలహీనమైనప్పుడు అచ్చు ఆలస్యం కావచ్చు, పేజీ సగంలో ఆగిపోవచ్చు, ప్రింటరు ‘ఆఫ్‌లైన్’ అని కనిపించవచ్చు. అంతేగాని నల్లటి అక్షరం బూడిద రంగుకు మారిపోదు. ఒక్క మినహాయింపు మాత్రం చెప్పుకోవాలి. పేజీ నిండా బొమ్మ ఉన్నప్పుడు సమాచారం నత్తనడకన అందితే హెడ్ మధ్యమధ్యలో ఆగి ఎదురుచూస్తుంది. ఆ విరామంలో ముందు వేసిన పట్టీ ఆరిపోయి, తరువాతి పట్టీతో కలిసే చోట సన్నని అడ్డగీత కనిపించవచ్చు. మీ అబ్బాయి అనుమానం తీరాలంటే అదే పేజీని ఒకసారి యూఎస్‌బీ కేబుల్ పెట్టి తీయించండి. గీతలు అప్పుడూ వస్తే రూటరును హాల్లోనే ఉండనివ్వవచ్చు.

ఇక ప్రింటరును పరీక్షించవలసిన పద్ధతి ‘నాజిల్ చెక్’. కంప్యూటరు, ఫోను, వైఫై ఏవీ లేకుండా ప్రింటరు తనంతట తానే తీసే పరీక్ష పేజీ ఇది. తెర ఉన్న మోడళ్లలో మెయింటెనెన్స్ అనే మెనూలో దొరుకుతుంది. తెరలేని చిన్న మోడళ్లలో ఏ బటన్లు కలిపి నొక్కాలో ప్రింటరుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ కాగితం మీద నలుపు, నీలం, గులాబీ, పసుపు రంగుల్లో మెట్లమెట్లుగా చిన్న గీతలు వస్తాయి. ఒక్కో గీత హెడ్‌లోని ఒక్కో సూక్ష్మరంధ్రం నుంచి వచ్చినది. గీత తెగితే ఆ రంధ్రం మూసుకుపోయిందని అర్థం. పసుపు గీతలు తెల్ల కాగితం మీద ట్యూబులైటు వెలుతురులో సరిగ్గా ఆనవు. కాగితాన్ని పగటిపూట కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, కాస్త వాలుగా పట్టుకుని చూడాలి. పసుపు బాగుందనుకుని వదిలేసి, ఫొటోల్లో ముఖాలు నీలం తిరుగుతున్నాయని తరువాత బాధపడేవారు చాలామంది ఉన్నారు.

గీతలు తెగి ఉంటే ఒకసారి ‘హెడ్ క్లీనింగ్’ చేసి, మళ్లీ నాజిల్ చెక్ తీసి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తెగిన గీతలు తగ్గుతుంటే ఇంకోసారి చేయవచ్చు. మూడుసార్లు చేసినా మార్పు లేకపోతే అక్కడితో ఆపేయాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది: మొండిగా పదేపదే క్లీనింగ్ నొక్కుతారు. ప్రతి క్లీనింగుకూ ట్యాంకులోని ఇంకు ఖర్చవుతుంది. ఆ ఇంకంతా ప్రింటరు అడుగున ఉండే వ్యర్థపు ఇంకు ప్యాడ్‌లోకి చేరుతుంది. ఆ ప్యాడ్ నిండిందని ప్రింటరు లెక్కగట్టిన రోజున పని పూర్తిగా ఆపేస్తుంది. కాబట్టి మూడు సార్ల తరువాత బటన్‌తో ఆపేసి, కనీసం 12 గంటలు ఊరికే వదిలేయండి. ఈ వ్యవధిలో ఎండిన ఇంకు నానుతుంది, ఇరుక్కున్న గాలిబుడగలు కదులుతాయి. మర్నాడు నాజిల్ చెక్ తీసి, అవసరమైతే ఇంకొక్కసారి క్లీనింగ్ చేయండి. అప్పటికీ ఒక రంగు పూర్తిగా లోపించి ఉంటే, ట్యూబులో ఉన్న ఇంకునంతా ఒక్కసారిగా లాగి పారేసే ‘పవర్ క్లీనింగ్’ అనే మరో సదుపాయం కొన్ని మోడళ్లలో ఉంటుంది. దానికి ముందు ప్రతి ట్యాంకులోనూ కనీసం మూడో వంతు ఇంకు ఉండేలా చూసుకోవాలి. లేకపోతే ఇంకుకు బదులు గాలి లోపలికి పోయి ఉన్న కష్టానికి మరో కష్టం తోడవుతుంది. ట్యాంకు మీది కింది గీత దాటి ఇంకు దిగిపోనివ్వకూడదని చెప్పేది కూడా ఈ కారణం వల్లనే.

ఇవన్నీ అయ్యాక గానీ హెడ్ మార్చే మాట ఎత్తకూడదు. హెడ్‌లలోనూ రెండు రకాలున్నాయి. కానన్, హెచ్‌పీ ప్రింటర్లలో ఇంకును క్షణకాలం వేడిచేసి, ఆ బుడగ తోసిన తోపుకు చుక్క బయటపడేలా చేస్తారు. ఎప్సన్, బ్రదర్ ప్రింటర్లలో కరెంటు తగలగానే వంగే పలుచని పలక ఇంకును నెడుతుంది. మొదటి రకంలో చాలా మోడళ్లకు హెడ్‌ను ఇంట్లోనే విప్పి మార్చుకోవచ్చు. రెండో రకంలో అది యంత్రంతో పాటు బిగించి ఉంటుంది కాబట్టి మార్పిడి ఖర్చు ఎక్కువ. మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకున్న తరువాతే రిపేరు ఆయనతో బేరం మాట్లాడండి.

రంధ్రాలు అసలెందుకు మూసుకుపోయాయన్నది మీరు అడగలేదు గానీ, మన ఇళ్లలో దీనికి ముఖ్య కారణం గోడ మీది స్విచ్చి అని నా అభిప్రాయం. ప్రింటరు మీదున్న పవర్ బటన్ నొక్కినప్పుడు హెడ్ కుడివైపున ఉన్న తన స్థానానికి వెళ్లి నిలబడుతుంది, కింది నుంచి ఒక రబ్బరు మూత పైకి లేచి రంధ్రాలను కప్పుతుంది. పని మధ్యలో గోడ స్విచ్చి ఆపినా, కరెంటు పోయినా హెడ్ ఎక్కడుంటే అక్కడే మూత లేకుండా ఆగిపోతుంది. రాత్రంతా అలా ఉంటే రంధ్రాల దగ్గర ఇంకు ఎండిపోతుంది. రాత్రి పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులు ఆపే పెద్దవారు ఇంట్లో ఉంటే, ప్రింటరు దగ్గర మాత్రం బటన్ నొక్కి, దీపం ఆరాక గోడ స్విచ్చి ఆపమని చెప్పండి. పని మధ్యలో కరెంటు పోయినట్లయితే, వచ్చిన వెంటనే ఒకసారి వెలిగించి మళ్లీ బటన్‌తోనే ఆపడం మంచిది.

రెండో లోపానికి వద్దాం. వైఫైలో ఉన్న ప్రింటరు ఒక్కటే అయినా, దానికి సంబంధించిన సెట్టింగులు ప్రతి కంప్యూటరులోనూ విడివిడిగా ఉంటాయి. మీ లాప్‌టాప్‌లో మీరు ‘హై’ అని పెట్టుకున్నంత మాత్రాన మీవారి లాప్‌టాప్‌కు ఆ సంగతి తెలియదు. అక్కడ ‘ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్’ తెరిచి చూడండి. క్వాలిటీ దగ్గర ‘డ్రాఫ్ట్’ అని ఉండే అవకాశం ఎక్కువ. ఇంకు ఆదా కోసం ఎప్పుడో పెట్టి మరిచిపోవడం సహజం. ‘స్టాండర్డ్’కు మార్చి, కాగితం రకం దగ్గర ‘ప్లెయిన్ పేపర్’ ఉందో లేదో కూడా చూడండి. మామూలు కాగితం పెట్టి గ్లాసీ అని ఎంచుకుంటే ఇంకు ఎక్కువై అక్షరాల అంచులు పాకుతాయి.

ఈ సెట్టింగు మారుస్తున్నా కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తోందంటే మరో కారణం ఉండవచ్చు. రూటరు ప్రతి పరికరానికీ ఒక ఐపీ చిరునామా ఇస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ప్రింటరుకు ఒక్కోసారి కొత్త చిరునామా వస్తుంది. పాతది పనిచేయడం లేదని ఎవరో ఒకరు ప్రింటరును మళ్లీ చేరుస్తారు. అప్పుడు విండోస్‌లో అదే పేరు పక్కన ‘కాపీ 1’ అని రెండో ప్రింటరు పుడుతుంది. దానికి ఉండేవి కంపెనీ ఇచ్చిన మొదటి సెట్టింగులు. మీరు సరిచేసినవి పాతదానిలోనే ఉండిపోతాయి. ఇంట్లో ఉన్న ఒక్క ప్రింటరుకు జాబితాలో మూడు పేర్లు కనిపిస్తుంటే, పనిచేసేది ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. రూటరు సెట్టింగుల్లో ప్రింటరుకు ఒకే చిరునామా ఎప్పటికీ ఉండేలా కేటాయించవచ్చు. అది ఒక్కసారి చేస్తే సరిపోయే పని.

ఇంకొక మెలిక డ్రైవరుకు, అంటే కంప్యూటరు ప్రింటరుతో మాట్లాడేందుకు వాడే సాఫ్ట్‌వేరుకు సంబంధించినది. వైఫై ద్వారా ప్రింటరును చేర్చినప్పుడు విండోస్ ఒక్కోసారి కంపెనీ డ్రైవరుకు బదులు ‘మైక్రోసాఫ్ట్ ఐపీపీ క్లాస్ డ్రైవర్’ అనే సాధారణ డ్రైవరును వేసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించిన ప్రణాళిక ప్రకారం ఇకమీదట ఈ పద్ధతికే ప్రాధాన్యం ఉంటుంది. మామూలు పత్రాలకు అది చాలు గానీ, కాగితం రకం, వేగం, రంగుల సవరణ వంటి ఎంపికలు అందులో తక్కువ. మీవారి లాప్‌టాప్‌లో క్వాలిటీ ఎంపికే కనిపించకపోతే కంపెనీ వెబ్‌సైటు నుంచి మీ మోడల్ డ్రైవరు దించుకుని వేయండి. ఐఫోన్‌లోని ఎయిర్‌ప్రింట్, ఆండ్రాయిడ్ ఫోన్లలోని ప్రింట్ సర్వీసు కూడా ఇలాంటి సాధారణ మార్గాలే. నాణ్యత కావలసిన పనిని ప్రింటరు కంపెనీ వారి యాప్ నుంచి ఇవ్వడం మేలు.

ప్రశ్న: నేను న్యాయవాదిని. ఇంటి ఆఫీసులో నెట్‌వర్కుకు కలిపిన లేజర్ ప్రింటరు ఉంది. నేను, నా జూనియర్లు ముగ్గురం వాడతాం. ప్రతి పేజీలో ఎడమ అంచు దగ్గర ఒక నల్ల చుక్క వరుసగా కిందికి మూడు నాలుగు చోట్ల పడుతోంది. కాగితం మొత్తం కాస్త బూడిద పూసినట్లు కూడా ఉంటోంది. టోనర్ (అచ్చు పొడి) ఈ మధ్యే రీఫిల్ చేయించాము.
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఒక స్కేలు తీసుకుని చుక్కకూ చుక్కకూ మధ్య దూరం కొలవండి. లేజర్ ప్రింటరులో అచ్చు పని అంతా తిరిగే రోలర్ల మీద జరుగుతుంది. ఏ రోలరు మీద గీత పడినా, మచ్చ అంటినా, అది ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి కాగితం మీద అదే చోట మళ్లీ ముద్ర పడుతుంది. అంటే చుక్కల మధ్య దూరం ఆ రోలరు చుట్టుకొలతకు సమానం. టోనరు పొడిని కాగితం మీదికి ఎక్కించే రోలరును డ్రమ్ము అంటారు; దాని వ్యాసం 24 మిల్లీమీటర్లయితే ఆ దూరం సుమారు 75 మిల్లీమీటర్లు, 30 అయితే సుమారు 94 వస్తుంది. డ్రమ్ము చుట్టుకొలతతో ఈ దూరం సరిపోతే లోపం డ్రమ్ములోనే ఉందని తేల్చుకోవచ్చు. అంతకన్నా బాగా తక్కువ దూరంలో పడుతుంటే వేడి రోలరునో, మరో చిన్న రోలరునో అనుమానించాలి.

మీది డ్రమ్ము, టోనరు ఒకే డబ్బాలో ఉండే రకమైతే (హెచ్‌పీ 12ఏ వంటివి) బూడిద పూతకు కూడా కారణం అక్కడే దొరుకుతుంది. ఆ కార్ట్రిడ్జ్‌ను 5 శాతం నలుపు ఉండే పేజీలు సుమారు 2,000 తీసి పారేయడానికి తయారుచేశారు. దాన్ని మళ్లీ మళ్లీ నింపినప్పుడు పొడి కొత్తదే వస్తుంది గానీ, డ్రమ్మును తుడిచే రబ్బరు బ్లేడు పాతదే మిగులుతుంది. అది అరిగితే మిగిలిపోయిన పొడి సరిగ్గా తుడుచుకుపోక కాగితం మీదికి ఎక్కుతుంది. రీఫిల్ వేసే చోట డ్రమ్మునూ బ్లేడునూ కూడా మార్చమని అడగండి. రెండోసారి నుంచి పొడి ఒక్కటే నింపించడం పొదుపు కాదు. కోర్టుకు దాఖలు చేసే కాగితాల మీద మచ్చలుంటే మీకు ఎంత ఇబ్బందో నేను చెప్పనక్కర్లేదు.

బ్రదర్ వారి మోడళ్లలో డ్రమ్ము, టోనరు విడివిడిగా ఉంటాయి. అక్కడ పేజీ పొడవునా నిలువు నల్ల గీత వస్తుంటే డ్రమ్ము మీదున్న ఆకుపచ్చ మీటను కుడి ఎడమలకు కొన్నిసార్లు జరిపి, మళ్లీ బాణం గుర్తు ఉన్న చోటికే చేర్చాలి. మధ్యలో వదిలేస్తే మరో నిలువు గీత మొదలవుతుంది. ఫొటోకాపీలో మాత్రమే గీత వచ్చి కంప్యూటరు నుంచి తీసినప్పుడు రాకపోతే డ్రమ్ము జోలికి పోవద్దు. కాగితాల కట్ట పెట్టే పై ట్రే కింద ఉన్న సన్నని గాజు పట్టీ మీద వైట్‌నరు మచ్చో, జిగురో ఉంటుంది. మెత్తని గుడ్డను కాస్త తడిపి తుడిస్తే పోతుంది.

ముగ్గురు నలుగురు వాడే చోట ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ‘టోనర్ సేవ్’ను కంప్యూటరులో పెడితే ఆ కంప్యూటరు నుంచి వచ్చే పేజీలే పలుచబడతాయి, ప్రింటరు మెనూలో పెడితే అందరివీ పలుచబడే అవకాశం ఉంది. ఇంకా, టోనరు పొడి బట్టల మీద పడితే దులిపి, చన్నీళ్లతోనే ఉతకాలి. వేడినీళ్లు తగిలితే అది కరిగి అతుక్కుపోతుంది.

ప్రశ్న: అమ్మానాన్నల షష్టిపూర్తి ఫొటోలు వాట్సాప్‌లో వచ్చాయి. వాటిని ఫోను నుంచి ఏ4 ఫొటో కాగితం మీద తీస్తే మసకగా వస్తున్నాయి. ఫోనులో చూస్తే చక్కగా ఉన్నాయి. ప్రింటరు లోపమా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: కాదు. వాట్సాప్ మామూలు పద్ధతిలో పంపేటప్పుడు ఫొటో పొడవును సుమారు 1600 పిక్సెళ్లకు కుదిస్తుంది. ఏ4 కాగితం పొడవు 11.7 అంగుళాలు, 1600ను దానితో భాగిస్తే అంగుళానికి 137 చుక్కలు మాత్రమే దక్కుతాయి. ఫొటోకు 300 ఉంటే బాగుంటుంది. అదే ఫొటోను 4 x 6 అంగుళాల కాగితం మీద తీస్తే అంగుళానికి 267 వస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది. పెద్ద సైజులోనే కావాలంటే తీసినవారిని అసలు ఫైలును ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి. తీసేటప్పుడు ఫొటో కాగితం నునుపు వైపే ఇంకు పడేలా పెట్టారో లేదో, కాగితం రకం దగ్గర గ్లాసీ ఎంచుకున్నారో లేదో చూసుకోండి. వెనుక వైపు పడితే ఇంకు ఆరక చేతికంటుతుంది.

ప్రశ్న: డీటీపీ సెంటరులో చేయించిన గృహప్రవేశం ఆహ్వానపత్రిక ఫైలును ఇంట్లో తీయబోతే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా అచ్చవుతున్నాయి. వేరే ఫైళ్లు బాగానే వస్తున్నాయి.
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ పత్రికను అను వంటి పాత తరహా ఫాంటులో కూర్చి ఉంటారు. అందులో తెలుగు రూపాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు మీ కంప్యూటరులో లేదు కాబట్టి కింద దాగి ఉన్న ఇంగ్లీషు బయటపడుతోంది. ఫాంటు కోసం తిరగవద్దు. సెంటరు వారిని పీడీఎఫ్‌గా ఇమ్మనండి. ఫాంటు పీడీఎఫ్‌లోనే ఇమిడి వస్తుంది. పీడీఎఫ్‌లో కూడా వత్తులు విడిపోతుంటే అడోబీ రీడర్‌లో ప్రింట్ ఇచ్చేటప్పుడు ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి, ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ ఎంచుకోండి. పేజీ మొత్తం బొమ్మగా మారి వెళుతుంది. కాస్త నెమ్మదిగా వచ్చినా తెరపై కనిపించినట్లే వస్తుంది.

ప్రశ్న: పిల్లల దగ్గరికి అమెరికా వెళుతున్నాము, ఆరు నెలల దాకా రాము. ఇంక్ ట్యాంక్ ప్రింటరును ఎలా ఉంచాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తాళం చెవులు ఎవరికి అప్పగిస్తారో వారినే వారం పది రోజులకొకసారి నాలుగు రంగులూ ఉన్న ఒక పేజీ తీయమని అడగండి. అంతకు మించిన రక్షణ లేదు. అలా కుదరకపోతే ట్యాంకుల్లో ఇంకు కింది గీతకు బాగా పైన ఉండేలా నింపి, బటన్‌తో ఆపి, ఎండ తగలని గదిలో సమతలంగా ఉంచండి. పక్కకు వాల్చి అటక మీద పెట్టించకండి. ట్రేలోని కాగితాలు తీసేసి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టండి, ఎందుకంటే మీ ఊరి సముద్రపు చెమ్మకు అవి ఒంకర్లు తిరిగి, వచ్చాక మొదటి రోజే ఇరుక్కుంటాయి. తిరిగి వచ్చాక ముందు నాజిల్ చెక్ తీసి, గీతలు తెగి ఉంటేనే క్లీనింగ్ మొదలుపెట్టండి.